వేలం సొమ్ము 96 లక్షలు, వాటాదారులు నలుగురు: తలా 24 ఎందుకు రాదు

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. కర్నూలు పాతబస్తీలో రోడ్డు మీద మూడు సెంట్ల ఇల్లు. ముందు రెండు అంగళ్లు, వెనక కాపురం, పైన ఒక అంతస్తు. ఇల్లు నాయన స్వార్జితం. వీలునామా రాయకుండానే ఆయన 2011లో పోయినారు, అమ్మ 2019లో పోయింది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. అదే ఏడాది అక్కాచెల్లెళ్లు కలిసి భాగానికి దావా వేస్తే, నలుగురికీ నాలుగో వంతు చొప్పున ప్రిలిమినరీ డిక్రీ (ఎవరి వాటా ఎంతో తేల్చే తొలి తీర్పు) వచ్చింది. ఇల్లు పంచడానికి కుదరదని కోర్టు పంపిన కమిషనర్ రిపోర్టు ఇచ్చాడు. కోర్టు వేలంలో బయటి మనిషి 96 లక్షలకు పాడుకుని డబ్బంతా కట్టాడు, సేల్ కన్‌ఫర్మ్ అయింది. ఆ ఇంట్లోనే ఉంటూ అంగళ్ల బాడుగ తీసుకున్న పెద్దన్న, "ఖర్చులు, పన్ను బకాయి పోను, నేను తీర్చిన బ్యాంకు అప్పు 4 లక్షలు, పై అంతస్తుకు పెట్టిన 18 లక్షలు ముందు తీస్తే మీకు తలా 18 మిగుల్తుంది, అంతకు మించి పైసా రాదు" అంటున్నాడు, కోర్టులో ఉన్న డబ్బు చెక్కుగా ఇమ్మని చెక్ పిటిషన్ కూడా వేశాడు. తమ్ముడికి అప్పిచ్చినవాడు 5 లక్షలకు నోటీసు పంపాడు. "96ను నాలుగుతో భాగిస్తే 24 కదా, నా 24 లక్షలు ఎక్కడికి పోయినట్లు?" అని చెల్లెలి ప్రశ్న.

అమ్మా, మీ లెక్కా తప్పే, మీ అన్న లెక్కా తప్పే. మీరు రాసిన వివరాలను బట్టి మీకు 21 లక్షల 50 వేల దగ్గర తేలుతుందని నా అంచనా. నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ జిల్లా కోర్టుల్లో సివిల్ వైపే ఉన్నాను. భాగం దావాల్లో కమిషనర్‌గా టేపు పట్టుకుని ఎన్ని మిద్దెలెక్కానో లెక్క లేదు. వేలం దాకా కొట్లాడుకున్న అన్నదమ్ములు వేలం అయిపోగానే ఇక పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అప్పటి నుంచే అసలు లెక్క మొదలవుతుంది.

ముందు వేలం ఎందుకు వచ్చిందో ఒక మాట. మీ ఇంటి ముఖం 22 అడుగులు అన్నారు. నలుగురికీ నిలువునా చీలిస్తే తలా అయిదున్నర అడుగులు. గోడల మందం తీసేస్తే అందులో మంచం అడ్డంగా పట్టదు. మెట్లు ఒకటే, కుళాయి ఒకటే, రోడ్డు ముఖం ఒకటే. ఇలాంటి ఆస్తిని ముక్కలు చేస్తే ముక్కలన్నీ కలిపినా మొత్తం విలువ రాదు. 1893 నాటి పార్టిషన్ చట్టం ఇలాంటి సందర్భానికే పుట్టింది. సగం వాటా గానీ అంతకు మించి గానీ ఉన్నవాళ్లు అడిగితే, పంపకం బదులు అమ్మి డబ్బు పంచమని కోర్టు చెప్పవచ్చు. మీరూ మీ అక్కా కలిస్తే సరిగ్గా సగం. అదే చట్టం మీ అన్నకు ఇంకో దారి కూడా ఇచ్చింది. కోర్టు కట్టిన వెలకు మీ ఇద్దరి వాటాలు తానే కొనుక్కుంటానని అప్పుడే అర్జీ పెట్టుకుని ఉంటే ఇల్లు ఆయనకే మిగిలేది. పెట్టలేదు కాబట్టి, "నా ఇల్లు వేలం వేయించారు" అని ఇప్పుడు ఆయన నిష్ఠూరమాడితే మీరు తల వంచాల్సిన పని లేదు.

ఇక డబ్బు సంగతి. వేలం సొమ్ములోంచి తీసేవి రెండు రకాలు. కొన్ని మొత్తం మీద తీస్తారు, అవి నలుగురి నెత్తినా సమానంగా పడతాయి. కొన్ని ఒక మనిషి వాటాలోంచే తీస్తారు, మిగతా ముగ్గురికీ వాటితో సంబంధం ఉండదు. ఇంట్లో జరిగే పంచాయితీల్లో నూటికి తొంభై ఈ రెండూ కలిపేయడం వల్లనే.

మొత్తం మీద తీసేవాటిలో మొదటిది వేలం ఖర్చు. కమిషనర్ ఫీజు, పేపరు ప్రకటన, టాంటాం, ఇంజినీరు చేత విలువ కట్టించిన ఫీజు వగైరా. మీరు చెప్పినది 60 వేలు. లాయర్ ఫీజు ఇందులోకి రాదు, ఎవరి లాయర్ ఫీజు వారిదే. రెండోది ఇంటి పన్ను బకాయి, లక్షా 40 వేలు. ఇది ఇంటి మీద ఉన్న బాకీ కాబట్టి మామూలుగా మొత్తంలోంచే పోతుంది. బాడుగ తీసుకున్న మనిషి పన్ను కట్టకుండా ఎందుకు వదిలేశాడని మీ వకీలు అడగాలి. అడిగితే కొంత భాగమైనా బాడుగ లెక్కలోకి నెట్టవచ్చు. నేను మాత్రం మీకు ఆశ పెట్టకుండా మొత్తంలోంచే తీసేస్తున్నాను. రెండు లక్షలు పోగా 94 లక్షలు.

తర్వాత బ్యాంకు అప్పు. 2009 వరద తర్వాత ఇల్లు బాగు చేయించడానికి మీ నాయన ఇంటి మీద తెచ్చిన అప్పు అది. ఆయన పోయాక మిగిలిన 4 లక్షలు మీ అన్న కట్టి దస్తావేజులు విడిపించాడు. ఇందులో ఆయన పక్షాన న్యాయం ఉంది. నాయన అప్పు నలుగురి అప్పు. ఒకడు అందరి తరఫున తీరిస్తే మిగతావాళ్ల వంతు రాబట్టుకునే హక్కు వాడికి ఉంటుంది. అయితే మొత్తంలోంచి 4 లక్షలు తీసి ఆయనకిచ్చేస్తే ఆయన వంతు లక్ష ఆయనే భరించినట్లు, మీ ముగ్గురూ తలా లక్ష ఇచ్చినట్లు అవుతుంది. అంతటితో సరి. కొందరు మొత్తంలోంచి 4 తీసుకున్నాక, "మీ ముగ్గురి వంతు" అని మళ్లీ తలా లక్ష వాటాలో కోయమంటారు. ఒకే అప్పు రెండుసార్లు వసూలు చేయడమన్నమాట. మీ అన్న పిటిషన్‌లో ఇది ఎక్కడైనా దాగి ఉందేమో చూసుకోండి. వడ్డీ కూడా అడిగితే, ఆ ఏళ్లలో ఆయన తీసుకున్న అంగళ్ల బాడుగను ఎదురు పెట్టండి. అప్పుడు వడ్డీ మాట ఆయనే వదిలేస్తాడు. ఇప్పటికి మిగిలింది 90 లక్షలు.

అసలు గొడవ పై అంతస్తు. "18 లక్షలు పెట్టాను, 18 నాకివ్వాలి" అని మీ అన్న అంటున్నాడు. ఉమ్మడి ఆస్తిలో ఒక వాటాదారు తనంతట తాను కట్టించి, ఖర్చంతా మిగతావాళ్ల దగ్గర రాబట్టుకునే హక్కు చట్టంలో లేదు. కాకపోతే ఆ కట్టడం వల్ల ఇంటికి ఎక్కువ ధర పలికితే, ఆ ఎక్కువను అందరూ పంచుకుని కట్టినవాడికి మొండిచెయ్యి చూపడమూ న్యాయం కాదని కోర్టులు చూస్తాయి. కాబట్టి కొలిచేది ఎంత పెట్టాడని కాదు. ఆ అంతస్తు లేకపోతే వేలంలో ఎంత తగ్గేదని. ఈ రెంటికీ చాలా తేడా ఉంటుంది. 2014లో పోసిన స్లాబుకు ఇప్పటికి పదేళ్లకు పైగా వయసు. పైగా పాతబస్తీలో కొనేవాడు చూసేది కింది అంగళ్ల ముఖం. సగం మంది పాత కట్టడం కూలగొట్టి కట్టుకుందామనే పాడతారు. వేలానికి ముందు విలువ కట్టిన ఇంజినీరు పై అంతస్తుకు 10 లక్షలు వేశాడని మీరు రాశారు. కోర్టు ఆ అంకె దగ్గరే నిలబడే అవకాశం ఎక్కువ. ఆ 10 మీ అన్నకు పోగా 80 లక్షలు, తలా 20.

మీరు రాయని సంగతి ఒకటుంది. ఆ అంతస్తు కడుతున్నప్పుడు మీరు, మీ అక్క ఏం చేశారు? గృహప్రవేశానికి వెళ్లి చీర పెట్టించుకుని వచ్చి ఉంటే, "మాకు తెలియకుండా కట్టాడు" అనే మాట కోర్టులో నిలవదు. అప్పుడే వద్దని నోటీసు ఇచ్చి ఉంటే అది బయటికి తీయండి. 10 కూడా ఇవ్వనక్కర్లేదని వాదించడానికి మీకున్న ఆధారం అదొక్కటే.

ఖర్చు రుజువు చేయాల్సిన భారం ఆయనదే. 18 లక్షలకు సిమెంటు, కమ్మీల బిల్లులు, మేస్త్రీకి ఇచ్చిన కూలీ రసీదులు ఎవరు దాచిపెడతారు? నా దగ్గరికి ఒక కక్షిదారు బిల్లులన్నీ బియ్యం సంచిలో వేసుకుని వచ్చాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు ఆ సంచి అటక మీద ఉన్నా నీళ్లు వదల్లేదట. ఎండబెట్టి తెచ్చాడు. కాగితాలు అప్పడాల్లా గట్టిపడి ఉన్నాయి, సిరా అంతా నీలం మరక. ఒక బిల్లు మీద కొట్టు పేరు తప్ప ఇంకేమీ చదవడానికి లేదు. చివరికి ఆయన్ను గట్టెక్కించింది మున్సిపాలిటీ పన్ను రిజిస్టరు నకలు. ఏ ఏడాది నుంచి పన్ను పెరిగిందో అందులో ఉంది, ఆ ఏడాదే పైకట్టడం లెక్కలోకి వచ్చిందని తేలింది. మీరు కూడా ఆ నకలు తీయించండి. మీ అన్న చెప్పే సంవత్సరం, చెప్పే విస్తీర్ణం నిజమో కాదో ఒక్క కాగితంతో తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ అన్న తన లెక్కలో రాయకుండా వదిలేసిన పద్దు, బాడుగ. రెండు అంగళ్లకూ కలిపి నెలకు 10 వేలు. దావా వేసినప్పటి నుంచి ఆరేళ్లకు 7 లక్షల 20 వేలు. రిపేర్లు, మోటరు, కరెంటు కింద లక్షా 20 వేలు ఒప్పుకుందాం. మిగిలింది 6 లక్షలు. అందులో మీ ముగ్గురికీ తలా లక్షన్నర. ఇది మొత్తంలోంచి తీసేది కాదు, మీ అన్న వాటాలోంచి మాత్రమే తీసి మీ ముగ్గురికీ కలపాలి. "డిక్రీలో బాడుగ మాట లేదు కదా" అని అవతలి లాయర్ అంటాడు. భాగం దావాలో ప్రిలిమినరీ డిక్రీ ఆ విషయంలో మౌనంగా ఉన్నా, ఫైనల్ డిక్రీ (ఆఖరి తీర్పు) దశలో ఆదాయం లెక్క తేల్చవచ్చని 1951లోనే మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి చెప్పింది. అప్పటికి మన కర్నూలూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అయితే అడగాలి. ఒక ఐ.ఏ. (దావాలోనే వేసే మధ్యంతర అర్జీ) వేసి అడగకపోతే జడ్జిగారు తనంతట తాను మీ బాడుగ లెక్క వేసి ఇవ్వరు. దావాకు ముందు ఏళ్లవి కావాలంటే దావాలోనే అడిగి ఉండాలి, అదీ మామూలుగా మూడేళ్లకు మించి వెనక్కి పోనివ్వరు.

ఆయన ఆ ఇంట్లో కాపురం ఉన్నందుకు బాడుగ అడగవచ్చా అన్నారు. ఉత్తగా ఉన్నంత మాత్రాన రాదు. ఉమ్మడి ఇంట్లో ఉండే హక్కు ప్రతి వాటాదారుకూ ఉంది, మీరూ వెళ్లి ఉండి ఉండవచ్చు కదా అంటారు. మిమ్మల్ని గడప తొక్కనివ్వలేదని, తాళం మార్చాడని రుజువుంటే అది వేరే సంగతి.

అన్నీ కలిపితే మీకు 20 లక్షలు, బాడుగ వాటా లక్షన్నర, వెరసి 21 లక్షల 50 వేలు. మీ అక్కకూ, తమ్ముడికీ అంతే. మీ అన్నకు 20లోంచి నాలుగున్నర పోయి 15న్నర, దానికి బ్యాంకు అప్పు 4, పై అంతస్తు 10 కలిస్తే 29 లక్షల 50 వేలు. నాలుగూ కూడితే 94 లక్షలు సరిపోతుంది. ఎవరు ఏ లెక్క చూపించినా ఇట్లా అడుగున కూడి చూడండి. మొత్తం కలవలేదంటే ఎక్కడో ఒక పద్దు రెండుసార్లు పడిందని అర్థం.

తమ్ముడి అప్పులవాడి నోటీసు చూసి మీరు బెదరాల్సింది ఏమీ లేదు. ప్రోనోటు మీద లాయర్ నోటీసు పంపినంత మాత్రాన కోర్టులో ఉన్న డబ్బు ఆగదు. అతను దావా వేసి, కోర్టు డిపాజిట్‌లో ఉన్న తమ్ముడి వాటాను అటాచ్ (జప్తు) చేయించుకోవాలి. చేయించుకున్నా అది తమ్ముడి 21న్నరలోంచే పోతుంది. తమ్ముడు తన అవిభక్త వాటాను తనఖా రిజిస్టరు చేసి ఇచ్చి ఉన్నా అంతే, ఆ తనఖా ఇంటిని వదిలి తమ్ముడి డబ్బు వెంట వస్తుంది. మీ చెక్కు ఆపమని అతను అడిగితే మీ వకీలు ఒక పేరా కౌంటరు వేస్తే చాలు.

మధ్యలో ఒక మాట. ఇది మీకు అక్కరలేదు, వేలం ఇంకా కాని వాళ్ల కోసం. వాటాదారులు కూడా పాట పాడవచ్చు. అప్పుడు తన వాటా మేరకు డబ్బు కట్టకుండా సర్దుబాటు చేసుకోవడానికి కోర్టు అనుమతి ఇవ్వవచ్చు. అనుమతి పాటకు ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆదోని వైపు ఒక కేసులో తమ్ముడే పాడుకున్నాడు. "సగం ఎట్లాగూ నాదే" అని మిగతా సగం మాత్రమే కట్టి ధీమాగా ఇంటికి వెళ్లిపోయాడు, అనుమతి అర్జీ వేయనే లేదు. పాట రోజే నాలుగో వంతు, పదిహేను రోజుల్లో మొత్తం అనేది వేలం నిబంధన. పదహారో రోజు అన్న లాయర్ మెమో వేశాడు. పాట రద్దయింది, మళ్లీ టాంటాం, మళ్లీ ప్రకటన. ఆ ఖర్చంతా తమ్ముడి నెత్తిన పడింది.

ఇంకొకటి. ఇల్లు పిత్రార్జితమైతే ఆడపిల్లల వాటా సంగతి వేరేగా చూడాల్సి ఉండేది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే కూతుళ్లకు హక్కు ఇచ్చారు గానీ, అప్పటికే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టారు. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ సవరణ వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. మీది నాయన స్వార్జితం, పైగా నాలుగో వంతు అని డిక్రీ అయిపోయింది కాబట్టి ఆ చర్చ మీకు లేదు.

ఆదాయపు పన్ను ఎవరి వాటాకు వారే కట్టాలి, కోర్టు వేలం అని మినహాయింపు లేదు. వారసత్వంగా వచ్చిన ఇల్లు కాబట్టి మీ నాయన చేతిలో ఉన్న కాలం కూడా కలుస్తుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు కట్టినదైతే ఆ నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. 2024 జూలై 23 నుంచీ జరిగిన అమ్మకాలకు రేటు 12.5 శాతం. పాత ఆస్తి కాబట్టి ధరల సూచీతో లెక్కగట్టి 20 శాతం కట్టే వెసులుబాటు కూడా ఉంది, ఏది తక్కువో ఆడిటరు చెప్తాడు. పన్ను తప్పే బాండ్లు కొనాలనుకుంటే ఆరు నెలల గడువును చట్టం బదిలీ తేదీ నుంచి లెక్కపెడుతుంది, చెక్కు చేతికి వచ్చిన రోజు నుంచి కాదు. ఆడిటరును ఈ వారమే కలవండి.

చివరగా మీ అన్న వేసిన చెక్ పిటిషన్. మీ లాయర్ "మొత్తానికి అభ్యంతరం చెబుదాం" అన్నారని రాశారు. నేనైతే అట్ల చేయను. మీ అన్న మాటలన్నీ నెగ్గినా మీకు 18 రావాలి, అది ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నాడు. మీ మాటలన్నీ నెగ్గి పై అంతస్తుకు సున్నా వేసి, పైన తేలిన బాడుగ 6 లక్షలూ లెక్కలో కలిపినా ఆయనకు 22 తప్పదు, లెక్క వేసి చూసుకోండి. అంటే మీ ముగ్గురికీ 18 చొప్పున 54, ఆయనకు 22, కలిపి 76 లక్షల మీద ఎవరికీ తగాదా లేదు. ఖర్చులు పోగా ఉన్న 94లో నిజంగా తేలాల్సింది 18 లక్షలే. కాబట్టి మీరూ ఒక చెక్ పిటిషన్ వేయండి. తగాదా లేని మొత్తాలు ఎవరివి వారికి ఇమ్మని, మిగిలిన 18 లక్షలు లెక్క తేలేదాకా జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయమని అడగండి. ఆ మాట అడగకపోతే కోర్టు డిపాజిట్‌లో డబ్బు వడ్డీ లేకుండా పడి ఉంటుంది. నలుగురి పద్దులూ ఒకే కాగితం మీద పట్టికగా రాసి పిటిషన్‌కు జత చేయండి. అది చూసి మీ అన్న కాస్త మెత్తబడితే, అదే పట్టికను లోక్ అదాలత్‌కు తీసుకుపోయి సంతకాలు పెట్టించుకోవచ్చు. ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. రాజీ అంకె 21 దాకా దిగినా నేనైతే ఒప్పుకోమనే చెప్తాను. ఆ 50 వేల కోసం ఇంజినీరును బోనెక్కించి క్రాస్ చేయడానికే ఇంకో రెండేళ్లు పడుతుంది.

వాయిదాకు వెళ్లేటప్పుడు ప్రిలిమినరీ డిక్రీ నకలు, విలువ కట్టిన ఇంజినీరు రిపోర్టు, పన్ను రిజిస్టరు నకలు, అంగళ్ల వాళ్ల దగ్గర బాడుగ చీటీలు ఉంటే అవి, మీ బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు పట్టుకుపోండి. పాస్‌బుక్‌లో పేరు, డిక్రీలో పేరు ఒకేలా ఉన్నాయా చూసుకోండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారి ఉంటే చెక్కు అక్కడే ఆగిపోతుంది, దానికి ముందుగానే ఒక అఫిడవిట్ సిద్ధం చేయించుకోండి.